వెళ్లొస్తాను అనే బటను

2022లో, వేసవి వేట నిషేధం ఎత్తేసిన వారంలో, మా కంపెనీ నన్ను జాలరిపేట పనికి టెస్టింగ్ లీడ్‌గా వేసింది. రుషికొండ వాలులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మాది. ప్రోగ్రాము రాసేవాళ్లు డెవలపర్లు. రాసినదాన్ని విరగ్గొట్టి చూసేవాళ్లం మేము. పెళ్లింట్లో వంకలు వెతికే మేనత్తలను చూసినట్టు చూస్తారు మమ్మల్ని. ఆ చూపులకు నేను ఎప్పుడో అలవాటు పడ్డాను. రిటైర్మెంటు దగ్గర పడ్డాక అవి కాస్త ముద్దుగా కూడా అనిపించేవి.

పని ఒక బోటు యజమానుల సంఘానిది. వేటకు వెళ్లే ప్రతి పడవ పేరూ, అందులో ఉన్న మనుషుల పేర్లూ ఒడ్డున ఉన్న ఇంటివాళ్లు ఫోనులో నమోదు చేయాలి. గాలి తిరిగితే సంఘం కార్యదర్శి ఎల్లాజీ ఆ పేర్లను పెద్ద బోట్లకు వైర్‌లెస్‌లో చెబుతాడు. వాళ్లు తిరుగుదారిలో చిన్న పడవలను వెతికి వెంట తెస్తారు. నమోదు కాని పడవను ఎవరూ వెతకరు. అది సముద్రంలో ఉందనే వాళ్లకు తెలియదు కదా.

దీన్ని వెబ్ అప్లికేషనుగా రాసినవాడు కిరణ్. కూర్మన్నపాలెం వాడు, తండ్రి స్టీల్‌ప్లాంటు ఉద్యోగి. మామూలు వెబ్‌సైటులో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లాలంటే ప్రతిసారీ సర్వర్‌ను అడగాలి. సిగ్నలు వచ్చీ రానట్టుండే ఒడ్డున అది కుదరదు. అందుకని మా పద్ధతిలో అన్ని పేజీలూ ముందే ఫోనులోకి దిగిపోతాయి. ఒకటి తీసి ఒకటి పెట్టే పని అక్కడే, జావాస్క్రిప్ట్ అనే భాషలో రాసిన ప్రోగ్రాము చూసుకుంటుంది. అందులో ఆ పని చేసే భాగాన్ని రౌటర్ అంటారు. పేజీ మార్చేముందు ఆగి ఒక ప్రశ్న వేయమని దానికి కాపలా కూడా పెట్టవచ్చు.

కిరణ్ పెట్టాడు. పేర్లు నింపి "తర్వాత" అని నొక్కగానే తెర మీద ఒక పెట్టె తెరుచుకునేది. పైన "వెళ్లిపోతున్నారా?" అని ప్రశ్న. కింద "వెళ్లిపోతాను", "ఉంటాను" అని రెండు బటన్లు. మొదటిది నొక్కితేనే రెండో పేజీ వస్తుంది. అక్కడ పడవ ఏ వైపు వెళ్లిందో చెబితే నమోదు పూర్తవుతుంది. ఇంగ్లీషులో ఉన్న మాటలను ఎవరో తెలుగు చేసి ఇచ్చారు. వ్యాకరణం తప్పేమీ లేదు. ఆఫీసులో ఎన్నిసార్లు నొక్కినా ఒక్కసారీ మొరాయించలేదు.

వాడకం మొదలైన కొద్ది రోజులకు, ఎలా నడుస్తోందో చూద్దామని నేనూ కిరణూ ఒడ్డుకు వెళ్లాం. పొద్దెక్కుతుండగా గాలి తిరిగింది. పడవలు వెనక్కి వచ్చేయాలని కబురు వచ్చింది. ఎల్లాజీ షెడ్డు కింద కూర్చుని ఒక్కో పేరూ వైర్‌లెస్‌లో చదువుతున్నాడు. తమ పడవ పేరు వినపడ్డ ఆడవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుని పక్కకు జరుగుతున్నారు. చివరికి పైడమ్మ అనే ఆవిడ ఒక్కతే నిలబడిపోయింది. ఆమె భర్త అప్పన్న తెల్లారకముందే నాటు పడవ మీద వెళ్లాడు. అతని ఫోను అందడం లేదు. ఎల్లాజీ చదవడం ఆపేశాడు. మా పేరేదని ఆమె అడిగింది. రాలేదని అతను చెప్పాడు. పొద్దున్నే ఫోనులో కొట్టానని ఆమె అంది.

నేను ఆమె ఫోను తీసుకుని చూశాను. అప్పన్న పేరు, పడవ పేరు, అన్నీ తప్పుల్లేకుండా ఉన్నాయి. వాటి మీద ఆ పెట్టె తెరిచింది తెరిచినట్టే ఉంది. పొద్దుటి నుంచీ ఆమె ఏదీ నొక్కలేదు. వేలు తాకిస్తే అయిపోయేదానికి ఇంత గొడవా అనుకుని బటను మీదకు వేలు పోనిచ్చాను. పైడమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నొక్కకమ్మా. ఆడు సంద్రం మీదున్నాడు. ఆడి పేరు ఎదురుగా ఎట్టుకుని, ఎల్లిపోతానని నా సేత్తో నానెలా నొక్కుతాను?"

వేలు వెనక్కి తీసుకున్నాను. మాది క్రైస్తవ కుటుంబం. మా నాన్న పోర్టులో క్రేను నడిపేవారు. అమ్మ గుమ్మం దగ్గర ప్రార్థన చేసి పంపేది. అయినా ఆయన పరధ్యానంగా "వెళ్తాను" అన్నారంటే, "వెళ్లొస్తాను" అనేదాకా మెట్టు దిగనిచ్చేది కాదు. పాల ప్యాకెట్టు కోసం వీధి చివరికి వెళ్లినా ఇప్పటికీ మా ఇంట్లో ఆ మాటే. ఇక "వెళ్లిపోయాడు" అంటే ఎప్పుడంటామో అందరికీ తెలుసు. తెర మీదకు వచ్చేసరికి అది మాటలా కనపడలేదు మాకు, బటనులా కనపడింది.

నేను నొక్కలేదు. కిరణ్ కూడా నొక్కలేదు. పడవ పేరూ వెళ్లిన వైపూ పైడమ్మను అడిగి, పరుగున పోయి ఎల్లాజీకి నోటితోనే చెప్పాడు. ఎల్లాజీ వెంటనే వైర్‌లెస్ అందుకున్నాడు. ఆ తర్వాత మేం చేయగలిగింది ఆమె పక్కన కూర్చోవడమే. ఆమె నా చెయ్యి వదల్లేదు. నాకూ తీసుకోవాలనిపించలేదు. అంతకు ముందు ముఖపరిచయమైనా లేని మనిషి మీద అంత ఆపేక్ష పుట్టడం నా ఉద్యోగంలో అదే మొదలు.

మధ్యాహ్నానికి ఒక పెద్ద బోటు అప్పన్న పడవను తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను ఆగిపోయిందట. పైడమ్మ మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, ఇంజను బాగు చేయించమంటే విన్నావా అని తిడుతూ, కొంగుతో అతని తల తుడిచింది. అతను తిట్లన్నీ బుద్ధిగా విన్నాడు.

మర్నాడు ఆఫీసులో కూర్చున్నాం. అసలా పెట్టే తీసేద్దామంటే సంఘం ఒప్పుకోలేదు. పొరపాటున వేలు తగిలి పేరు చేరితే, లేని పడవ కోసం సముద్రమంతా గాలించాల్సి వస్తుందన్నారు. అయితే మాట మారుద్దాం, "వెళ్లొస్తాను" అని పెడదాం అన్నాను. అది ఇంట్లో మాట, తెర మీద హుందాగా ఉండదని మా ప్రాజెక్టు మేనేజరు అభ్యంతరం చెప్పాడు. పొద్దున బయల్దేరేటప్పుడు మీ ఆవిడతో ఏమని చెప్పి వచ్చారని అడిగాను. నవ్వేసి ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది కిరణ్.

"ఎల్లొత్తానని రాసేత్తే సరిపోదు మేడమ్. నొక్కినాక నిజంగా ఎనక్కి రావాల. మన కోడులో రాదు."

అది నిజమే. పేజీ మార్చడానికి రౌటర్‌లో రెండు పద్ధతులున్నాయి. పుష్ అనేది పాత పేజీని బ్రౌజరు జ్ఞాపకంలో ఉంచి, దాని మీద కొత్తది పేరుస్తుంది. వెనక్కి నొక్కితే పాతది మళ్లీ వస్తుంది. రీప్లేస్ అనేది పాతదాన్ని తీసేసి ఆ చోట కొత్తది పెడుతుంది. ఇక పాతదానికి దారి ఉండదు. పని తేలికవుతుందని కిరణ్ అంతటా రీప్లేసే వాడాడు. రెండో పేజీలో వెనక్కి నొక్కితే అప్లికేషనే మూసుకుపోయేది. ఆ లెక్కన మా పాత బటను ఉన్నమాటే చెప్పింది. అప్పన్న పేరున్న పేజీ నిజంగానే వెళ్లిపోయేది.

కిరణ్ దాన్ని పుష్‌కు మార్చాడు. పేజీ మారేముందే పేర్లన్నీ ఫోనులో భద్రపడేలా కూడా రాశాడు. లేకపోతే పేజీ తిరిగొచ్చినా ఖాళీగా వచ్చేది. నేను నా శక్తికొద్దీ విరగ్గొట్టి చూశాను. విరగలేదు.

మళ్లీ జాలరిపేట వెళ్లాం. పైడమ్మ చేపల గంప దించి, చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. భర్త పేరు కొట్టింది. పెట్టెలో మాటను కూడబలుక్కుని చదివింది. నా ముఖంలోకి ఒకసారి చూసి, "వెళ్లొస్తాను" నొక్కింది. రెండో పేజీ వచ్చింది. ఇప్పుడు వెనక్కి నొక్కమన్నాను. అప్పన్న పేరు మళ్లీ కనిపించింది. ఆమె మళ్లీ ముందుకు వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది, ఇంకా నమ్మకం కుదరక ఇంకోసారి వెళ్లి వచ్చింది. మా టెస్టర్లలో అంత ఓపికగా చూసినవాళ్లు తక్కువ.

"వచ్చీసినాడు," అని తెర నా వైపు తిప్పి చూపించింది. ఆ తర్వాతే నమోదు పూర్తి చేసింది.

బటను మీద రాసేది, దాన్ని నొక్కేవాళ్లకు మనం ఇచ్చే మాట. చెవికి ఇంపుగా మార్చి ఊరుకుంటే చాలదు, లోపల ప్రోగ్రాము ఆ మాట నిలబెట్టుకోవాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ బటనునైనా పైకి చదివాకే నొక్కాను, ముందు తెర మీద ఎవరి పేరుందో చూసి.