రాకాసి గూళ్ళ కొండకు రెండోసారి

రెండేళ్ళ కింద ఇదే బ్లాగులో ఒక కొండ గురించి రాశాను. దుమ్ముగూడెం దాటాక అడవిలో ఉన్న ఆ కొండ మీద వేల ఏళ్ళ నాటి రాతి సమాధులున్నాయి. నాలుగు వైపులా నిలబెట్టిన రాతి పలకలు, పైన మూతలా ఒక పెద్ద బండ. అక్కడివాళ్ళు వాటిని రాకాసి గూళ్ళంటారు. ఇంకా పైకెక్కితే పాత రాతి గుడి, దాని పక్కన ఊరివాళ్ళ దేవత గద్దె. నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది అదే. కిందటి నెల ఒక పాఠకుడు ఫొటో పంపాడు. అన్నిటికన్నా పెద్ద గూడు మూత రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. "మీరు రాసిన దారినే వెళ్ళాను. ఇలా ఉంది" అని కింద రాశాడు. ఆ ఫొటో చూశాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

ఇల్లందులో బొగ్గు గని ఆఫీసులో క్లర్కును, ఆదివారమే నాకు తీరిక. ఐదున్నర బస్సెక్కి కొత్తగూడెంలో మారితే ఎనిమిదిన్నరకు భద్రాచలం చేరాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్. మగవాళ్ళు నూటయాభై దాకా పెట్టుకోవాలి. బస్టాండు ఎదురుగా పూరీ తిని ఇంకో బస్సెక్కాను. పదింటికి దుమ్ముగూడెంలో ఆటో మాట్లాడుకున్నాను. రానుపోను, ఆగినందుకు కలిపి కిరాయి ఆరు వందలు.

"గూళ్ళ కాడికేనా మేడం?" అన్నాడు ఆటో డ్రైవరు. "మొన్నటిదాంక మస్తు మందిని తోల్కపోయిన. ఇప్పుడు ఊరోళ్ళు పోనిస్తలేరు. ఎవరో ఫోన్ల రాసిండ్రంట, అది చూసి దొంగలొచ్చి తవ్విండ్రు."

ఆ రాసింది నేనే. రోడ్డు పక్కన ఎర్రగా పూసిన మోదుగులను చూస్తూ కూర్చున్నాను.

మొదటిసారి నన్ను కొండ ఎక్కించింది ఆ ఊరి పూజారి. డెబ్బై దాటిన కోయ పెద్దాయన. ఏటా కొండ మీద దేవతకు తొలి పూజ ఆయనే చేసేవాడు. "ఫొటోలు తీసుకో బిడ్డా. జాగ మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నాడు. సరేనని తలూపాను. ఇంటికొచ్చాక మాత్రం, నలుగురికీ తెలిస్తేనే కాపాడతారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఏ మలుపు దగ్గర తిరగాలో, ఎవరిని అడగాలో, ఆయన పేరు, ఫొటోతో సహా రాశాను. ఈసారి ఆ పేరు గానీ, దుమ్ముగూడెం దాటాక దారి గానీ రాయడం లేదు.

నేను ఊళ్ళోకి చేరేసరికి పెద్దాయన వాకిట్లో ఎండబెట్టిన ఇప్పపూలను కలియబెడుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు. "వచ్చినవా బిడ్డా. కూసో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"తాతా, తప్పు చేసిన. ఒక్కసారి కొండ మీదికి పోయి చూడొచ్చా?"

"నేను రాను. ఊరు వద్దన్నది."

లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. "నేను తోల్కపోతా. తను ఏం చేసిందో చూడాలె గదా" అంది.

గంటసేపు ఎక్కాం. అవ్వ ముందు నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పెద్ద గూడు దగ్గరికి చేరాం. ఒక పక్క పలక కూలిపోయింది. లోపల నడుము లోతు గొయ్యి. కుండ పెంకులు చుట్టూ చెల్లాచెదురుగా ఉన్నాయి.

"బంగారం ఉంటదని తవ్విండ్రు. ఏముంటది? మట్టి," అంది అవ్వ. "తోవ చూపెట్టింది ఆయనేనని ఊరంతా మా ఆయన మీద పడ్డది. మొన్న పండుగకు పూజ వేరేటోళ్ళతోని చేయించిండ్రు. డోలు చప్పుడు ఇనుకుంట ఈయన ఇంట్లనే కూసున్నడు."

"నేను రాసింది తీసేసిన అవ్వా."

"తీసేస్తే రాయి అతుకుతదా?"

వంగి పెంకులు ఏరబోయాను. "ముట్టుకోకు" అంది. పైన గుడి దాకా వెళ్ళలేదు. అక్కడి నుంచి గోదావరి వెండి తీగలా కనబడుతుందని మొదటిసారి రాశాను. ఈసారి అటు చూడాలనిపించలేదు.

దిగాక ఊరి పెద్ద ఇంటికి వెళ్ళాను. తాత జాగ చెప్పొద్దన్నాడని, నేనే మాట తప్పానని చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"చదువుకున్నదానివి. గింత తెల్వదా?" అన్నాడు. "పదిమందిని కూసోబెట్టి మాట్లాడుతం. ఏమంటరో చెప్పలేను" అన్నాడు.

తిరిగి వచ్చి ఆ మాట పూజారి తాతకు చెప్పాను. "అవ్" అని మాత్రం అన్నాడు. పూజ తిరిగి ఆయన చేతికి వస్తుందో రాదో ఇది రాసే వేళకు నాకు తెలియదు.

చూసిందంతా నలుగురికీ చెప్పాలన్న ఆరాటం మంచిదేననుకునేదాన్ని. ఆ రోజు తలూపినప్పుడు నేను మాటిచ్చింది ఆ మనిషికి, రాసుకున్నది నా పేరు కోసం. తేడా తెలిసేసరికి ఒక ముసలాయనకు ఊళ్ళో ఉన్న గౌరవం పోయింది. క్షమాపణతో అది తిరిగి రాదని కొండ దిగుతున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాను.

ఇలాంటి చోట్లకు వెళ్ళేవాళ్ళకు ఒకటే సూచన: ముందు ఊళ్ళోకి వెళ్ళి అడగండి, వద్దంటే వెనక్కి తిరగండి. రమ్మంటే, ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేశాకే మొదటి ఫొటో తీయండి.