ఆస్పరిలో ఆగిన మెయిలు

ఆదోని రైల్వే స్టేషన్‌ను కూల్చినవాణ్ణి నేనే. బాంబు పెట్టి కాదు, బుల్‌డోజరు తెప్పించి కాదు, నా సొంత వీపుతో. కంగారుపడకండి. మీరు రేపు రైలెక్కబోయే స్టేషను క్షేమంగానే ఉంది. నేను కూల్చింది మా ఖాజన్న ఇంటి వెనక పాత పత్తి గోడౌనులో, బల్లల మీద, మేమిద్దరం ఏళ్ళ తరబడి కట్టుకున్న బొమ్మ ఆదోనిని. ఎందుకు కూల్చానో, కూల్చినందుకు నా నెత్తిన ఏయే వంటసామాన్లు పడ్డాయో అంతా దాచకుండా చెబుతాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఇంకా నవ్వడం ఆపలేదు.

మాది ఎమ్మిగనూరు. మా ఊళ్ళో మగ్గం చప్పుడు వినొచ్చు, బస్సు హారను వినొచ్చు, రైలు కూత మాత్రం వినలేరు. మాకు రైలే లేదు. పెళ్ళికానివాడికే పెళ్ళి మీద ధ్యాస ఎక్కువైనట్టు, రైలు లేని ఊళ్ళో పుట్టిన నాకు రైళ్ళ పిచ్చి పట్టింది. అదీ ఇప్పటి రైళ్ళు కాదు, బొగ్గు తిని పొగ కక్కే పాత పొగబండ్లు. హైస్కూల్లో సోషలు చెప్పే పంతులును కనుక చరిత్ర పిచ్చి కూడా తోడైంది. కోతికి కల్లు తాపి, పైన తేలు కుట్టించినట్టయిందని మా ఆవిడ సరోజ అభిప్రాయం.

నా జతగాడు ఖాజన్న. నాకంటే పెద్దవాడు. ఆదోనిలో జిన్నింగు మిల్లులకు బెల్టులు, బేరింగులు అమ్మే అంగడి ఆయనది. ఎంత మొండి మోటారైనా ఆయన చేతిలో మేకపిల్లలా తల వంచుతుంది. మా బొమ్మ లోకంలో ఒక చివర ఆదోని, ఇంకో చివర ఆస్పరి, మధ్యలో నాగరూరు. మెయిలు బండి చిన్న స్టేషనైన ఆస్పరిలో ఆగకుండా దాటిపోయి, చుట్టు తిరిగి మళ్ళీ ఆదోనికే వచ్చేది. జానెడు ఇంజనులో చుక్క నూనె పోసి, బల్ల అంచున ఉన్న బిరడా తిప్పితే సన్నగా పొగ వదులుతూ కదిలేది. వ్యాగన్లలో గోనెగుడ్డ చుట్టిన వేలెడు పత్తి బేళ్ళు. వాటి లోపల ఉండేది కూడా అచ్చమైన ఆదోని పత్తే.

అక్కడ నా చట్టం ఒకటే. పొగబండ్ల కాలంలో లేనిది మా ఆదోనిలో ఉండకూడదు. ఒకసారి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన బొమ్మ ఆడమనిషిని చూసి నేను ఉలిక్కిపడ్డాను.

"ఖాజన్నా, ఆయమ్మ సంకలో పచ్చ బిందె ఏందప్పా?"

"నీళ్ళకు పోతాంది."

"ప్లాస్టిక్ బిందెతోనా? పొగబండ్ల కాలంలోనా?"

"ఈరన్నా, ఆమె బొటనవేలంత గూడా లేదు. ఆమె బిందెను ఎవురు సూస్తారప్పా?"

"చరిత్ర సూస్తాది!"

పాపం ఖాజన్న ఆ బిందెకు ఇత్తడి రంగు వేశాడు. నేనెలాంటి మనిషినో మీకు అర్థమైంది కదా. ఇక ముందుకు పోదాం.

నేను ఆదివారాలు మాత్రమే ఆదోనికి పోయేవాణ్ణి. ఒక ఆదివారం గోడౌను తలుపు తీయగానే నా ముక్కు ఏదో పసిగట్టింది. పోయిన ఆదివారం నేను ఆదోనిలో నిలిపి వెళ్ళిన మెయిలు నాగరూరు దగ్గర నిలబడి ఉంది. బొగ్గు వ్యాగనులో పసుపు పచ్చటి గింజ ఒకటి కనిపించింది. తీసి వాసన చూశాను. బొరుగు గింజ! తాలింపు పెట్టిన బొరుగుల ఉగ్గాని! బొగ్గు వ్యాగనులో ఉగ్గాని ఏ చరిత్రలో ఉంది?

మరుసటి ఆదివారం ఇంకా ఘోరం. ఇత్తడి బిందె ఆడమనిషి బిందెతో సహా ఫస్టు క్లాసు పెట్టెలో దర్జాగా కూర్చుని ఉంది.

"ఈమెను ఎవరు ఎక్కిచ్చినారు ఖాజన్నా?"

ఖాజన్న పైకప్పు వైపు చూశాడు. "ఎలుకలేమోలేప్పా."

"ఎలుకలు ఫస్టు క్లాసు టికెట్టు ఇప్పిచ్చినాయా?"

"ఊఁ" అన్నాడు. ఆ మనిషి ఏం తోచకపోతే గొంతులోంచి అలా ఒక మూలుగు తీస్తాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ భుజాలు తడుముకుంటాడట. ఖాజన్న తడుముకోలేదు. అంటే ఎంత ముదురు దొంగ అయ్యుండాలి! ఆరోజు నుంచి ఆయన తుమ్మినా నాకు అనుమానమే, తుమ్మకపోయినా అనుమానమే. టీ ఇస్తే ఎందుకిచ్చాడని, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని. చివరికి ఒక ఆదివారం ఆయన అంగడి మెట్ల మీద నిలబడి ఫోనులో గుసగుసలాడుతుంటే నా చెవిన పడనే పడింది.

"ఆయప్పకు తెలీకుండా తోలుకోండి. ఆదివారానికి అన్నీ యాడివి ఆడ పెట్టేస్తే సరి."

ఆయప్ప అంటే నేను. తోలుకోండి అన్నాడంటే అవతల ఒకరు కాదు, గుంపు! నా బుర్రలో రైలు బయలుదేరింది. ఖాజన్న మా ఆదోనిని ఎవరికో బాడుగకు ఇస్తున్నాడు. ఎవరో పుట్టినరోజు పండుగలు చేసుకుని ఉగ్గాని తింటున్నారు. అంతేనా, మా పట్టాల మీద డీజిల్ ఇంజన్లు కూడా తోలుతున్నారేమో! ఆ ఆలోచన రాగానే నాకు కళ్ళు తిరిగాయి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. దేశమంతా తిరిగి బొమ్మ రైళ్ళు చూసే ఇద్దరు పెద్దమనుషులు బెంగళూరు నుంచి ఆ శనివారమే వస్తామన్నారు. మా ఆదోని నచ్చితే అక్కడి ప్రదర్శనలో చోటు ఇస్తారు. వాళ్ళ ముందు డీజిల్ చుక్క కనిపిస్తే నా బతుకేం కాను?

సరోజ దగ్గర మొర పెట్టుకున్నాను.

"ఖాజన్ననే అడగరాదా?" అంది.

"అడిగితే అబద్ధం చెప్తాడు."

"అడగకముందే అది అబద్ధమని నీకెట్ల తెలుసు?"

"అందుకే కదా అనుమానం!"

"నీ అనుమానానికి బొగ్గొద్దు, నీళ్ళొద్దు. వట్టి పుణ్యానికే పరిగెత్తుతాది" అని చాట తీసుకుని లేచిపోయింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి తీరిక లేకపోవచ్చు. ఈరన్నకు క్యాజువల్ లీవు ఉంది. శుక్రవారం హెడ్‌మాస్టరుకు మేనమామ జబ్బని చెప్పి, ఆరోగ్యంగా పొలంలో పనిచేసుకుంటున్న మా మేనమామను మంచాన పడేసి, ఆదోని బస్సెక్కాను. వెనక సందులోంచి నా దగ్గరున్న తాళంచెవితో గోడౌనులో దూరాను. బల్లల చుట్టూ నేలదాకా వేలాడే గుడ్డ ఉంది. దాన్ని ఎత్తి, సరిగ్గా ఆస్పరి కింద చతికిలబడ్డాను.

మధ్యాహ్నం. మా ఆదోని ఎండ. పైన రేకులు. ఒకప్పుడు పత్తి నింపిన గోడౌను కనుక కదిలితే నూగు లేచి ముక్కులో దూరుతోంది. తుమ్ము వచ్చినప్పుడల్లా ముక్కును రెండు వేళ్ళతో నొక్కి, దొంగను పట్టేవాడికి ఇవన్నీ తప్పవని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. దొంగలా దాక్కున్నది నేనేనని ఆ క్షణంలో తట్టలేదు. మీకు తట్టింది కదా? మీకేం, చల్లగా కూర్చుని చదువుతున్నారు.

తలుపు కిర్రుమంది. గుడ్డ అంచు కింద నుంచి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ముందు వచ్చిన కాళ్ళకు టైరు చెప్పులు. కుడి చెప్పు బొటనవేలి ఉంగటానికి ఎర్ర వైరుతో కట్టు. ఖాజన్న చెప్పులు! అనుమానమే లేదు, ఆ వైరు కట్టేటప్పుడు పక్కనే ఉన్నాను. వెనక ఇంకా రెండు జతల కాళ్ళు, మెట్టెలతో ఒకటి, కడియాలతో ఒకటి. ఆడవాళ్ళను పిలిచి మరీ చూపిస్తున్నాడు!

"టికెట్ ఇచ్చినావా?" అంది ఒక గొంతు.

"ఇచ్చినాలే, కూసో" అంది ఇంకొకటి.

టికెట్లు కూడానా! నా నెత్తురు ఇంజనులో నీళ్ళలా మరిగింది.

"ఇంక పోనీ."

"ఊఁ" అంది చెప్పుల మనిషి గొంతు. అదే మూలుగు! ఖాజన్నే!

పైన బల్ల మీద రైలు కదిలింది. ఆదోని దాటింది. నాగరూరు దాటింది. చప్పుడును బట్టే చెప్పగలను, అది మెయిలు. నా పథకం ఏమిటంటే, ఊపిరి బిగబట్టుకుని అంతా విని, సాక్ష్యం కూడగట్టి, వాళ్ళు పోయాక మెల్లగా బయటికి రావాలి. మంచి పథకమే. కానీ మెయిలు ఆస్పరి దగ్గరికి వచ్చి వేగం తగ్గించింది. ఇంకా తగ్గించింది. నా నడినెత్తి మీద ఆగింది.

ఆగింది! ఆస్పరిలో! మెయిలు!

దొంగతనంగా తోలినందుకు ఊరుకున్నానేమో గానీ ఇది మాత్రం నా వల్ల కాలేదు.

"ఆస్పరిలో మెయిలు ఆగదూ!" అని గొంతు చించుకుని అరుస్తూ నిటారుగా లేచాను. నెత్తి మీద బల్ల ఉందన్న సంగతి నా వీపుకు నాకంటే ముందు తెలిసింది.

ఆస్పరి కొండెక్కింది. మెయిలూ, వ్యాగన్లూ, నాగరూరూ జారుడుబండ మీద పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి ఆదోని మీదికి దూకాయి. అటువైపు బల్ల కాలు పుటుక్కుమని, స్టేషను ప్లాట్‌ఫారంతో సహా నేల కరిచింది. ఒక గిన్నెడు వేడి ఉగ్గాని లేచి నా నెత్తిన పడింది. ఆ తర్వాత గిన్నె కూడా పడింది.

"చోర్! చోర్!"

కర్రలతో కొట్టుకునే దేవరగట్టు పండుగకు పోయేవాళ్ళు కూడా తలకు రుమాలు చుట్టుకుని పోతారు. నాకు ఆపాటి వ్యవధి ఇవ్వలేదు. గంటె, మూత, పొరక, ఏది దొరికితే అది. కాసేపటికి ఎవరో నా ముఖం మీది ఉగ్గాని తుడిచి చూశారు.

"అరే! ఈడు మన ఈరన్న గదా!"

అంతవరకూ పడినవి దొంగకు పడ్డ దెబ్బలు. ఆ తర్వాత పడ్డ రెండూ నా పేరు మీదే పడ్డాయి.

కళ్ళు నులుముకుని చూస్తే ఎదురుగా ఖాజన్న తల్లి హుసేన్‌బీ పెద్దమ్మ. కొడుకు చెప్పులు వేసుకుని, చేతిలో గంటెతో, బుగ్గన తాంబూలంతో నిలబడి ఉంది. అందుకే ఆ "ఊఁ". వెనక పక్కింటి ఆవిడ, ఎదురింటి లక్ష్మమ్మ. ఇద్దరి చేతుల్లో తమలపాకు ముక్కలు. అవే టికెట్లు. పెద్దమ్మ తాంబూలం ఊసి వచ్చి అడిగింది.

"బల్ల కింద ఏం జేస్తాండావురా?"

"రైలు ఎవరు తోలుతాండారో పట్టుకుందామని పెద్దమ్మా..."

"నేనే తోలుతాండా. నా కొడుకు రైలు నేను తోలగూడదా?"

"తోలు పెద్దమ్మా, వద్దన్లేదు. కానీ ఆస్పరిలో మెయిలు ఆగేది కాదు. చరిత్రలో..."

"నాది ఆస్పరేరా!" ఆమె గంటె ఎత్తింది. నేను తల దాచుకున్నాను. గంటె మెల్లగా కిందికి దిగింది. "పొగబండ్లప్పుడు పట్టాల పక్కన మేకలు కాసేదాన్ని. మెయిలు రావడం సూసి సెయ్యెత్తేదాన్ని. దినామూ ఎత్తేదాన్ని. మా మొగాన మసి కొట్టి పోయేది గానీ ఒక్కనాడన్నా నిలిసిందా? ఇన్నేండ్లకు దాని బిరడా నా సేతికి దొరికింది. ఆపినా. మేకలపిల్ల సెయ్యెత్తిందని నీ సరిత్రలో యాడన్నా రాసినారా?"

రాయలేదు. ఎమ్మిగనూరు వాణ్ణి, ఆగని రైలుకు చెయ్యెత్తడమంటే ఏమిటో నాకైనా తెలియాలి కదా!

గోల విని ఖాజన్న అంగడి నుంచి పరిగెత్తుకొచ్చాడు. కూలిన ఆదోనిని చూశాడు. తల నిండా బొరుగులతో ఉన్న నన్ను చూశాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"మా అమ్మ సంగతి నీకు సెప్తే ఒప్పుకోవని దాసినా. తప్పే. అయితే నన్ను దొంగ అనుకున్యావా ఈరన్నా?"

"అంటే... సెప్పులు సూసి..."

"అనుమానమొస్తే నా కండ్లల్లోకి సూసి అడగల్లప్పా. కాళ్ళల్లోకి సూస్తావేంది?"

ఒరిగిన మెయిలును ఎత్తబోతే "ముట్టుకోవద్దు" అన్నాడు. ఆ ఒక్కమాట గంటె కంటే గట్టిగా తగిలింది. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా నిలబడే వచ్చాను. వీపు ఆనించే స్థితిలో లేదు.

మర్నాడు బెంగళూరు పెద్దమనుషులు వచ్చేశారు. ఏదీ బాగుచేసే వ్యవధి లేదు. ఖాజన్న నాతో మాట్లాడకుండా తలుపు తీశాడు. నేను ఒక మూల నిలబడ్డాను. వాళ్ళిద్దరూ కూలిన బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. తెలుగు వచ్చినాయన మోకాళ్ళ మీద వంగి చూసి, నిట్టూర్చాడు.

"అద్భుతమండీ! అందరూ చక్కగా నడిచే రైళ్ళే చేస్తారు. పొగబండి ప్రమాదాన్ని ఇంత నిజంగా చూపించిన వాళ్ళను ఎక్కడా చూడలేదు. బేళ్ళు కూడా ఎలా పగిలాయో! ఈ పచ్చగా చల్లినదేమిటి?"

"ఉగ్గాని సార్" అన్నాడు ఖాజన్న నేల చూపులు చూస్తూ. "క్యాంటీను గూడా బోల్తా పడింది."

"ఆహా! ఇంతకీ ఈ ప్రమాదం ఎలా జరిగిందంటారు?"

ఆయన నా వైపే చూస్తున్నాడు, చరిత్ర పంతులునని ఎవరో చెప్పినట్టున్నారు. అప్పుడు గడప దగ్గరి నుంచి హుసేన్‌బీ పెద్దమ్మ గొంతు వినిపించింది.

"మెయిలు బంగారట్ల నిలబడి ఉన్నింది సార్. కింద నుంచి ఒక దున్నపోతు లేసింది."

"అలాగా! మరి ఆ దున్నపోతు బొమ్మ కనిపించదేం?"

ఖాజన్న తలెత్తి నన్ను చూశాడు. పెదవులు బిగించాడు. ఆపుకోలేక భళ్ళున నవ్వేశాడు.

"సిగ్గుపడి ఆ మూలన నిలబడింది సార్."

అలా మా స్నేహం మళ్ళీ పట్టాలెక్కింది. అసలు పట్టాలు ఎక్కడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. ఇప్పుడు మా ఆస్పరిలో మెయిలు దినామూ ఆగుతుంది. నేనున్న రోజు పచ్చజెండా ఊపేది కూడా నేనే.

కనుక పాఠక మహాశయులారా, మా ఇంటి దేవుడు ఈరన్నస్వామి మీద, మంచాన పడకుండా మంచాన పడిన మా మేనమామ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా మళ్ళీ ఏ బల్ల కిందా దూరను. ఈమధ్య పెద్దమ్మ నాగరూరులో కూడా మెయిలు ఆపుతోందని నాకొక చిన్న అనుమానం ఉన్నమాట నిజమే. అయినా సరే, గోడౌను సందు మొదట్లోనే గట్టిగా దగ్గి, తలుపు తట్టి, "పెద్దమ్మా, నేనొస్తాండా" అని కేకవేసి, వాళ్ళు అన్నీ సర్దుకున్నాకే లోపలికి అడుగు పెడతాను.