చప్పుడు లేని ఇంజన్

షెడ్డులో అందరూ అతన్ని చెవి మేస్త్రి అనేవారు. ఇంజన్ స్టార్ట్ చేసి, తల ఒకవైపు వంచి వింటే చాలు, జబ్బేమిటో చెప్పేసేవాడు. చెప్పింది నిజమయ్యేది కూడా. అక్కడే వచ్చింది చిక్కు. ఏళ్ల తరబడి అంచనా తప్పని మనిషికి తాను కూడా పొరబడగలనన్న సంగతే గుర్తుండదు.

అతని చేతిలో పడ్డ ఇంజన్ టకటకలాడకూడదు. వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య కాస్త సందు వదలాలి, ఆ చప్పుడు పుట్టేది అందులోంచే. మిగతా మేస్త్రీలు సందులో రేకు పెట్టి కొలిచి ఊరుకునేవారు. ఇతను ఆ తర్వాత కూడా చెవి ఒగ్గి, చప్పుడు చచ్చేదాకా ఇంకాస్త బిగించేవాడు. ఇది కారా, కుట్టుమిషనా అని ఎవరూ అడగకూడదట! ఊళ్లో నాలుగు వీధులు తిరిగే కార్లకు ఆ ముచ్చట చెల్లిపోయింది.

అతని బావమరిది తోలే టాక్సీకి చెల్లలేదు. అది పొద్దున పెద్దరోడ్డెక్కితే సాయంత్రం దాకా దిగదు. మేస్త్రి కొత్త వాల్వులు వేసిన కొన్నాళ్లకే ఒకదాని అంచు కాలిపోయి, బండి ఈసురోమంటూ షెడ్డుకొచ్చింది. మార్చాడు. మళ్లీ కాలింది. మళ్లీ మార్చాడు.

"బావా, ఎన్నిసార్లని మారుస్తాం? ఏదో తేడా ఉంది. ఒక్కసారి మొదట్నుంచీ చూడకూడదూ?" అన్నాడు బావమరిది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! తేడా ఇంజన్లో లేదురా, నీ తోలడంలో ఉంది. అలా తొక్కి చంపితే వాల్వులేం చేస్తాయి, పాపం!"

షెడ్డంతా నవ్వింది. బావమరిదీ నవ్వబోయాడు గానీ, నవ్వు రాలేదు.

ఆ తర్వాత వాల్వు కాలినప్పుడు అతను షెడ్డుకి రానేలేదు. కారు అయినకాడికి అమ్మేసి, ఒక గోదాములో మూటలెత్తే పనికి కుదిరాడు. "మా తమ్ముడికి బండి తప్ప ఇంకో లోకం తెలీదండీ" అని మేస్త్రి భార్య కళ్లొత్తుకుంది. "ఏం చేస్తాం, వాడి రాత" అన్నాడు మేస్త్రి. ఎంత తేలిగ్గా అన్నాడో!

చాన్నాళ్లకి అదే కారు, బ్రేకుల పని మీద షెడ్డుకొచ్చింది. ఇంజన్ టకటకలాడుతోంది. మేస్త్రి మొహం చిట్లించి, "ఎవరు ముట్టుకున్నారండీ దీన్ని?" అన్నాడు.

"ఎవరో మేస్త్రి లెండి. చప్పుడు చేస్తే చెయ్యనీ, బిగించొద్దన్నాడు. అప్పట్నుంచీ వాల్వు పని పడలేదు. నేనేమో దీన్ని కనికరం లేకుండా తోలతాను" అన్నాడు కారు కొన్నాయన.

మేస్త్రి ఇంజన్ మీది మూత విప్పి, రేకు పెట్టి చూశాడు. తాను వదిలేదానికి రెట్టింపు సందు. వేడెక్కితే వాల్వు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే పూర్తిగా మూసుకోదు, మూతపడని చోటునుంచి మంట దూరి అంచు కాల్చేస్తుంది. పనిలో చేరిన కొత్తలో నేర్చుకున్న పాఠమే ఇది. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ బావమరిది బతుకుని తాను తన చేతులతోనే కాల్చేశాడు.

బ్రేకులు సరిచేసి, ఓ చుట్టు తిప్పి చూస్తానని చెప్పి, కారు తిన్నగా గోదాము ముందు ఆపాడు.

"తప్పు నాదిరా. వాల్వులు కాల్చింది నా బిగింపే. నువ్వు బాగానే తోలావు."

బావమరిది మూట దించి, కారు బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు. "పోనీలే బావా" అన్నాడు.

తిట్టి ఉంటే మేస్త్రికి కాస్త ఊపిరాడేది. తాళం తీసి అతని చేతిలో పెట్టి, "పద, ఇంటిదాకా నువ్వే తోలు. మీ అక్క చూస్తుంది" అన్నాడు.

బావమరిది డ్రైవర్ తలుపు తీశాడు. సీటు వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత తాళం మేస్త్రికి తిరిగిచ్చేసి, అవతలి పక్కకి వెళ్లి కూర్చున్నాడు.

"నువ్వే తోలు బావా. నాకిప్పుడు భయం."