అక్క ముట్టని రొట్టె

జనవరి ఆఖరు వారంలో ఫరీదాబాదు నుంచి మా బావ దేవదానం ఫోను చేశాడు. ఆయన అక్కడ ట్రాక్టరు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఏ మాటకైనా ముందు మూడుసార్లు దగ్గుతాడు. ఆ రోజు దగ్గలేదు.

"ప్రకాశూ, మీ అక్క నాలుగేళ్ళ నుంచి ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యడం లేదోయ్," అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా సంఘాల్లో నెలకోసారి రొట్టె ముక్క, ద్రాక్షరసం అందరికీ పంచుతారు. దాన్నే బల్ల అంటాం. తోబుట్టువుతో మనసు చెడినవాళ్ళు, సమాధానపడేదాకా ఆ పళ్ళెం తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేస్తారు. అలా వదిలేసిన మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అందరూ చూస్తారు, అంతే.

"ఇక్కడ ఆ రొట్టె చేసేదే మీ అక్క," అన్నాడు బావ. "అరవై మందికి చేస్తుంది, తను ముట్టదు. పాస్టరుగారు అడిగితే ఇంటి విషయమంటుంది. ఆ ఇంటి విషయం నువ్వే కదా! వచ్చి తేల్చుకో."

నిజమే, నేనే. ఏడో తరగతిలో బడి మానేసి, నరసాపురం దగ్గర చేపల వ్యాను తోలుతున్నాను. అడుగున ఐసు, పైన చేప, ఆ పైన మళ్ళీ ఐసు, అన్నిటి పైన నా వాగుడు. నాలుగేళ్ళ కిందట మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం మా అమ్మ పోయింది. అక్క ఫరీదాబాదులో నర్సు, హాస్పిటల్లో డ్యూటీలో నుంచే బయల్దేరింది. రైలు ఎంత ఉరికినా గురువారం పొద్దునకు గానీ ఇల్లు చేరదు. నేను బుధవారం మధ్యాహ్నమే సమాధి చేయించేశాను. ఎండలనీ, శవం ఆగదనీ అందరికీ చెప్పాను.

అక్క ఆటో దిగుతూనే, "ఐసు బండి తోలేవాడివి, అమ్మను ఒక్కరోజు ఉంచలేకపోయావట్రా?" అని ఏడ్చింది.

నేనేమన్నానో తెలుసా? "అమ్మేమన్నా బొచ్చె చేపా అక్కా, ఐసులో పెట్టడానికి?" అన్నాను.

ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అక్క నాతో మాట్లాడటం ఆ నిమిషాన ఆపేసింది. నాకు మాత్రం ఏమీ ఆగలేదు. వ్యాను తోలాను, నవ్వించాను, నెలనెలా మా ఊరి గుళ్ళో బల్ల తీసుకున్నాను.

గురువారం తెల్లవారుజామున ఐదింటి బస్సులో విజయవాడ వెళ్ళి, పదిన్నరకు ఢిల్లీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. స్లీపరు టికెట్టు నాలుగు వందల పైచిలుకు. చలికాలం వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని సర్దుకుంటాం కాబట్టి దుప్పటి బరువనిపిస్తుంది. నాగపూరు దాటాక ఆ బరువు విలువ తెలుస్తుంది. నేను ఒక్క శాలువాతో వెళ్ళి భోపాల్ నుంచి పళ్ళతో తాళం వేసుకుంటూ వెళ్ళాను.

ఎదుటి బెర్తులో ఒక కుర్రాడు ఉన్నాడు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉంటాడట, నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఒళ్ళోని కంప్యూటరు మూసి, "ఢిల్లీలో పనా అంకుల్?" అన్నాడు.

"మా అక్కతో మాట్లాడాలి."

"దానికి రెండు రోజుల ప్రయాణమా? ఫోనుంది కదా?"

"ఫోనులో మాట్లాడదు."

"మరి ఎదురుగా వెళ్తే మాట్లాడుతుందా?"

శాలువా తలమీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగాను. ఆ కుర్రాడు మళ్ళీ కంప్యూటరు తెరుచుకున్నాడు.

మర్నాడు ఝాన్సీలో పూరీ, బంగాళాదుంప కూర తిన్నాను. మట్టికప్పులో టీ బాగుంటుంది, రెండు తాగండి. అక్కణ్ణుంచి పొగమంచులో బండి మనిషి నడకన నడిచింది. మధ్యాహ్నం ఒకటిన్నరకు రావాల్సింది, నాలుగున్నరకు నిజాముద్దీను చేరింది. ఫరీదాబాదుకు అక్కడే షటిల్ రైలు దొరుకుతుంది. ఫ్యాక్టరీ జనంతో కిటకిటలాడుతుంది గానీ అరగంటలో దింపేస్తుంది.

బావ స్టేషనుకు వచ్చాడు. ఇంట్లో అక్క తలుపు తీసి, నన్ను చూసి, వంటగది వైపు తిరిగింది.

"షారోన్, వేడినీళ్ళు కావాలేమో మీ మామయ్యను అడుగు."

షారోన్ అక్క కూతురు, పదకొండో తరగతి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "మామయ్యా, గరమ్ పానీ చాహియే?" అంది.

"కావాలని మీ అమ్మకు చెప్పు," అన్నాను. అక్కకూ నాకూ మధ్య రెండు మూరల దూరముంటుంది.

షారోన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆప్ దోనోం పాగల్ హో," అని వెళ్ళిపోయింది. పాగల్ అంటే ఏమిటో నాకూ తెలుసు.

శనివారమంతా అలాగే గడిచింది. సాయంత్రం నాలుగింటికి అక్క డ్యూటీ నుంచి వచ్చి, చీర మార్చుకుని, రొట్టెకు కూర్చుంది. మైదా, చిటికెడు ఉప్పు, నీళ్ళు. పులిసేది ఏదీ కలపరు. మణికట్టుతో నొక్కి నొక్కి పిసికి, చపాతీ కంటే కాస్త మందంగా ఒత్తి, ఫోర్కుతో పొడిచి పెనం మీద వేసింది. ఒకదానికి అంచు మాడితే పక్కన పెట్టేసి మళ్ళీ ఒత్తింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ మాడిన రొట్టెను బావ తిన్నాడు. నాకూ ఒక ముక్క ఇచ్చాడు. దానిమీద మా ఊళ్ళో అయితే పది నిమిషాలు నవ్వించేవాణ్ణి. అక్క వీపు చూస్తూ నమిలి మింగాను.

ఆదివారం ఏడు పదికి షటిల్, నిజాముద్దీనులో దిగి ఆటో. వంతెన దాటితే మయూర్ విహార్. అక్కడొక బడి హాలును మన తెలుగువాళ్ళు ఆదివారం పూట అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటారు. తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. కొత్తవాళ్ళెవరైనా వెళ్ళొచ్చు, తెలుగు మాట వినిపిస్తే చాలు, జంపఖానా మీద జరిగి చోటిస్తారు. ఎక్కువమంది నర్సులు. కొందరు రాత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి, కూర్చున్న చోటే కునుకుతుంటారు. వాళ్ళను ఎవరూ లేపరు. ఆ మర్యాద నాకు నచ్చింది.

పాస్టరుగారు వారమంతా ఒక ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే మనిషి. గొంతు పెంచరు. ఆ రోజు, యేసు తన గురించి తాను చెప్పుకున్న మాటల మీద మాట్లాడారు.

"నేనెవరినో తెలుసా అని మనమంతా ఎప్పుడో ఒకప్పుడు అనుంటాం," అన్నారు. "ఆయనా తనెవరో చెప్పుకున్నాడు. ఏమని? రొట్టెనన్నాడు, వెలుగునన్నాడు. ద్వారాన్నన్నాడు, కాపరినన్నాడు, దారినన్నాడు, ద్రాక్షతీగనన్నాడు. వీటిలో బీరువాలో దాచుకునేది ఒక్కటి చెప్పండి. రొట్టెను తినేస్తాం, దారిని తొక్కుతాం, వెలుగును అసలు చూడం, దాని సాయంతో ఇంకేదో చూస్తాం. అన్నీ పక్కవాడి అవసరానికి ఖర్చయిపోయేవే."

పక్కనున్న బావతో, "ద్వారమైతే అరుగుతుంది కూడా," అన్నాను. బావ మోచేత్తో పొడిచాడు.

తర్వాత ఆయన లాజరు సంగతికి వచ్చారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళ తమ్ముడు ఈ లాజరు, చనిపోయి, సమాధి చేసి నాలుగు రోజులైంది. యేసు అప్పుడొచ్చాడు. పెద్దక్క ఊరి బయటికి ఎదురెళ్ళి, నువ్విక్కడ ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదని అంది.

"పునరుత్థానం నేనే అని ఆయన చెప్పింది పెద్ద సభలో కాదు," అన్నారు పాస్టరుగారు. "దారి మీద, ఏడుస్తూ తప్పుపట్టిన ఒక ఆడమనిషితో. ముందు ఆమె మాట నిలబడి విన్నాడు. తర్వాత ఆమె చెల్లెలు ఏడుస్తుంటే తనూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేను ఫలానా అని చెప్పుకోవడం తేలికే. ఏడ్చేవాళ్ళ ముందు నిలబడినప్పుడు తెలుస్తుంది, మనం ఎవరమో."

మా ఇంటి ముందు ఆటో దిగిన ఆడమనిషి నాకు కనిపించింది. ఆమె ముందు నిలబడినవాడూ కనిపించాడు. వాడు తనెవరో ఆ రోజు బాగానే చెప్పుకున్నాడు.

రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు ముందు వెళ్ళింది. అక్క దాన్ని రెండు చేతులా అందుకుని, తను చేసిన రొట్టె వైపు ఒక్క క్షణం చూసి, పక్కామెకు ఇచ్చేసింది. పళ్ళెం మగవాళ్ళ వైపు వచ్చింది. బావ తీసుకుని నాకందించాడు. నాలుగేళ్ళలో నలభై ఎనిమిదిసార్లు ఏ వెరపూ లేకుండా తిన్నాను. తప్పు నాది, ఉపవాసం అక్కది. పళ్ళెం పక్కాయనకు ఇచ్చేశాను. తలెత్తితే, హాలు అవతలి నుంచి అక్క నన్నే చూస్తోంది.

ఆరాధనయ్యాక వరండాలో భోజనాలు. అక్క సాంబారు బకెట్టు పట్టుకుని వచ్చి, నా విస్తరి ముందు ఆగింది.

"నువ్వెందుకు తీసుకోలేదు?"

మధ్యలో షారోన్ లేదు. నన్నే అడిగింది.

"నేను తీసుకోకూడదక్కా. ఆ రోజు నుంచీ తీసుకోకూడదు."

"ఐసు దొరకలేదా?"

"దొరికేది. ఐసు ఫ్యాక్టరీ ఆయన బండి నింపి పంపిస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

బకెట్టు కింద పెట్టింది. "ఎందుకురా?"

"రోజూ పెట్టెల్లో ఐసు కొట్టే చేతులక్కా ఇవి. వాటితోనే అమ్మ చుట్టూ సర్దాలంటే నావల్ల కాలేదు. ఆమెను అలా చూడలేక తొందరగా పంపించేశాను. నువ్వు అడిగేసరికి ఆ సంగతి చెప్పుకోవడం చేతగాక, వాగాను."

"ఆ ముక్క ఆ రోజే చెప్పాల్సింది," అని అక్క బకెట్టు తీసుకుని పక్క విస్తరికి వెళ్ళింది. సాంబారు మాత్రం నాకు వెయ్యడం మరిచిపోయింది. అడిగే ధైర్యం నాకు లేదు.

సోమవారం నాతో మాట్లాడలేదు. మంగళవారం సాయంత్రం షారోన్ వచ్చి, "మామయ్యా, మమ్మీ నే తత్కాల్ కరా లియా," అంది. మర్నాడు నేను తిరిగి వెళ్ళే రైలుకే అక్కకూ టికెట్టు.

వంటగదిలోంచి అక్క గొంతు వినిపించింది. "అమ్మ సమాధి చూడ్డానికి వెళ్తున్నానని చెప్పు. వాడితో కాదు. ఆ బండిలోనే వాడూ ఉంటే నేనేం చెయ్యను?"

బుధవారం పదకొండు ముప్పావుకు నిజాముద్దీనులో ఎక్కాం. బెర్తులు వేరే చోట్ల వచ్చాయి. ఒక సర్దార్జీని బతిమాలి అక్క ఎదురుగా సీటు మార్చుకున్నాను. ఆగ్రా దాకా కిటికీలోంచి ఆవపూల పొలాలు చూస్తూ కూర్చుంది. ఆగ్రా దాటాక బ్యాగులోంచి చపాతీలు తీసి, ఒక పొట్లం నా వైపు తోసింది.

"మనూళ్ళో బల్ల ఎప్పుడు?"

"రెండో ఆదివారం. అంటే వచ్చేదే."

"అచ్ఛా. అయితే ఈలోగా అయిపోవాలి. చెప్పు. ఆ మంగళవారం పొద్దుట్నుంచి చెప్పు. జోకులొద్దు."

చెప్పాను. పొద్దున అమ్మ కాఫీ వద్దన్నది, పదింటికి ఆయాసం మొదలైంది, ఆరెంపీ డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపాడు. అక్క నర్సు కాబట్టి మధ్యమధ్య ఆపి, నాడి ఎవరు చూశారు, పడుకోబెట్టారా కూర్చోబెట్టారా అని అడిగింది. గ్వాలియరులో టీ వచ్చింది, చల్లారిపోయింది. ఇంత చిన్న ప్రయాణమే నేను నాలుగేళ్ళుగా చెయ్యనిది. అక్క ఎదురుగా కూర్చుని, అడిగినదానికి అడిగినంత చెప్పడం. ఢిల్లీలో కోటలూ మినార్లూ ఉన్నాయట, ఒక్కటీ చూడలేదు. చూడలేదన్న బెంగ కూడా లేదు.

అప్పుడు అక్క, నేను భయపడుతున్న మాట అడిగింది. "ఆఖర్న నన్ను అడిగిందా?"

అడిగిందంటే సరిపోయేది. రెండుసార్లు అడిగిందంటే అక్క జీవితాంతం దాన్ని దాచుకునేది. మాట నాలుక మీదికి వచ్చేసింది. యేసు, నేనే దారిని అన్నచోటే సత్యాన్ని అని కూడా అన్నాడు. రొట్టె, ద్వారం లాగా అది చేత్తో ముట్టుకునే వస్తువు కాదు కాబట్టి, దాన్ని నేనెప్పుడూ దాటేసి పోయేవాణ్ణి. ఇప్పుడు అక్క కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. దాటడానికి చోటు లేదు.

"లేదక్కా. ఎవర్నీ అడగలేదు. నీళ్ళడిగింది."

"ఇచ్చావా?"

"చెంచాతో ఇచ్చాను."

"ఎన్ని తాగింది?"

"రెండు. మూడోది పక్కకు కారిపోయింది."

"తల కింద చెయ్యి పెట్టి ఎత్తావా, పడుకున్నదానికే పోశావా?"

"ఎత్తానక్కా. ఈ చేత్తోనే, కాస్త పక్కకు తిప్పి పట్టాను."

అక్క నా చెయ్యి లాక్కుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది.

"అలాగే పట్టాలిరా," అంది.