నూటపన్నెండో సన్నాయి

ఆ రోజుల్లో పెళ్లిలో సన్నాయి వినాలంటే ఊదేవాడొకడు బుగ్గలు పూరించి ఎదురుగా కూర్చోవాలని మా గట్టి నమ్మకం. ఇప్పటి పిల్లలు ఫోను మీద వేలు ఆనించి నూరు వాయిద్యాలు మోగిస్తారు, పైగా ఆవులిస్తారు! ఆశ్చర్యపోవడం నేర్పని చదువులేం చదువులో! నేను ఏడో తరగతి దాటలేదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలే నా కాలేజీ (ఫెయిల్ చేసేవాళ్లు లేని కాలేజీ). అయినా ఆశ్చర్యపోవడంలో మాత్రం నాది ఫస్టు క్లాసే.

నాంపల్లిలో ఒక పెళ్లిళ్ల బ్యాండులో కీబోర్డు వాయించేవాణ్ణి. యజమానిని అందరం మాస్టర్ అనేవాళ్లం. ఆయన వెంటపడి రెండు పెట్టెలు కొనిపించాను. మొదటిది సీక్వెన్సర్. మనం వాయించిన ప్రతి స్వరాన్నీ గుర్తుపెట్టుకుంటుంది గాని దానికి నోరు లేదు. రెండోది సౌండ్ మాడ్యూల్. దానికి నూట ఇరవై ఎనిమిది గొంతులున్నాయి గాని ఏం పాడాలో తెలియదు. రెంటికీ మధ్య ఒక వైరు. ఆ వైరులో పాట పోదు, ‘ఫలానా గొంతుతో ఫలానా స్వరం పలుకు’ అనే హుకుం మాత్రమే పోతుంది. నోరు లేనిది ఆజ్ఞాపిస్తే ఆలోచన లేనిది పాడుతుంది! ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

వారం తిరక్కుండా మా సన్నాయి తాత పన్ను పీకించుకున్నాడు. మూతి వాచింది. తెల్లవారితే పెళ్లి. “ఫికర్ చెయ్యకండి మాస్టర్, సన్నాయి నా పెట్టె పాడుతుంది” అని ఎగిరింది నేనే. రాగం సీక్వెన్సర్‌లోకి ఎక్కించాను. పొద్దున్నే ఫంక్షన్ హాల్లో, మాడ్యూల్‌తో వచ్చిన పట్టీలో సన్నాయి నంబరు నూటపన్నెండని చూసి, సీక్వెన్సర్‌లో అదే నంబరు పెట్టి మీట నొక్కాను. రాగం వచ్చింది. చిరుగంటల మీద వచ్చింది.

“గిదేంది? మేకల మంద వచ్చినట్టున్నది!” అన్నాడు మాస్టర్.

“వైరు లూజున్నట్టుంది మాస్టర్.”

“వైరు గాదు, నీ దిమాగ్ లూజు. ముహూర్తానికి సన్నాయి పల్కకపోతే నీ డబ్బాలు, నువ్వు, అంతా బయటికే. మళ్ల నా బ్యాండుల అడుగు పెట్టకు!”

వైరు పీకాను, పెట్టాను, ఊదాను, దండం పెట్టాను. మళ్లీ అవే మేకలు. పట్టీ తప్పు కాదు, నా వేలు తప్పు కాదు. మరి అబద్ధమాడుతున్నదెవరు? ముహూర్తానికి ఇంకా పావుగంట. అప్పుడు పక్కనున్న వంటశాలలోంచి, బియ్యం కొలుస్తున్న పెళ్లికూతురి మేనమామ గొంతు వినబడింది. “లాభం… రెండు… మూడు…”

చేతిలో వైరు వదిలేశాను. ఆయన ఒకటిని ఒకటి అనలేదు! లెక్క మొదలుపెట్టే తీరు ఎవరిది వారిదే కదా. మాడ్యూల్ పట్టీ ఒకటితో మొదలవుతుంది. సీక్వెన్సర్ సున్నాతో మొదలుపెడుతోందేమో! అంటే దాని నూటపన్నెండు దీని లెక్కలో నూటపదమూడు. అందుకే నేను నూటపన్నెండో ఇంటికి పంపిన హుకుం పక్కింటి తలుపు కొట్టింది. (ఆ రెండు పెట్టెలు చేసినవాళ్లు ఒక్క పూట కూర్చుని మాట్లాడుకుంటే వాళ్ల సొమ్మేం పోయింది? ఈ కోపం నాకు ఇంకా చల్లారలేదు.) నూటపదకొండు పెట్టి, కళ్లు మూసుకుని నొక్కాను.

సన్నాయి!

వాచిన మూతికి రుమాలు కట్టుకుని మూల కూర్చున్న తాత దిగ్గున లేచాడు. వేదిక వెనకాల తెర ఎత్తి చూశాడు. “ఊదేటోడు యాడున్నడు బిడ్డా?”

“ఎవ్వరూ లేరు తాతా. ఈ వైరులోంచే.”

ఆయన ఆ వైరును రెండు వేళ్లతో, నాడి చూసినట్టు పట్టుకున్నాడు. “గింతదాంట్లకెళ్లా! జర సప్పుడు జెయ్యకు, ఇననియ్యి” అన్నాడు. ఆ కళ్లలో నీళ్లు పంటి నొప్పివో మరి దేనివో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మాస్టర్ దూరం నుంచే తలూపి, “రేపు బషీర్‌బాగ్‌ల పెళ్లున్నది, జల్దీ రా!” అని కేకేశాడు. మంగళసూత్రం పడింది, అక్షింతలు పడ్డాయి. తాతా నేనూ మాత్రం పెళ్లికి వీపులు పెట్టి, ఆ పెట్టె మీదికి వంగి నిలబడే ఉన్నాం.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, “పెళ్లిపిల్ల ఎట్లున్నదిరా?” అని.

“చదరంగా ఉందమ్మా, ముందు చిన్న ఎర్రదీపం” అన్నాను. అమ్మ నా నుదురు ముట్టుకుని జ్వరం ఉందేమోనని చూసింది. ఉండే ఉంటుంది. అది తగ్గకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఈ వయసులో అప్పుడప్పుడు అనిపిస్తుంది.