మీసాల చేపలు

మా మామగారు హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండలో ముప్పై ఏళ్లు బర్రెలను పెంచి పాలు అమ్మారు. మోకాళ్లు సహకరించక వాటిని అమ్మేశాక మాటలు కూడా తగ్గించేశారు. ఖాళీ కొట్టం వైపు చూస్తూ కూర్చునేవారు.

ఎనభైల మొదట్లో మా ఆయన చార్మినార్ దగ్గర ఒక గాజు తొట్టి, రంగురంగుల చేపలు కొని తెచ్చారు. వాటిలో మీసాలున్న చిన్న చేపలు రెండు. ఒంటిమీద మామూలు పొలుసులు కావు, ఇంటి పెంకుల్లా రెండు వరుసల గట్టి పలకలు. దక్షిణ అమెరికా నదుల్లో ఉండే జాతి అని దుకాణందారు చెప్పాడట.

"పాలిచ్చేటియా, పెండ పెట్టేటియా? గివెందుకురా?" అన్నారు మామగారు.

ఆ వేసవిలో ఒకరోజు పొద్దుటి నుంచీ కరెంటు లేదు. తొట్టికి గాలి కొట్టే మోటారు ఆగిపోయింది. సాయంత్రానికి రంగు చేపలన్నీ వెల్లకిలా తేలాయి. మీసాల చేపలు మాత్రం మాటిమాటికీ రివ్వున పైకొచ్చి, గుక్కెడు గాలి మింగి అడుక్కి పోతున్నాయి.

"ఇవి కూడా పోతున్నాయి మామా," అన్నాను.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కొని చాలాసేపు చూశారు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. సచ్చేదాని కన్ను గిట్లుండదు. గాలి కోసం వస్తున్నయ్, అంతే."

మర్నాటి నుంచి తొట్టి ఆయనదే. నల్లా నీళ్లను మందు వాసన పోయేదాకా బిందెలో ఉంచి పోసేవారు. తొలి వానకు పట్టిన చల్లటి నీళ్లు పోసిన మర్నాడు పొద్దున్నే నన్ను కేకేశారు. గాజుకు సన్న సగ్గుబియ్యంలా గుడ్లు! పెద్ద చేపలు తినేస్తాయేమోనని, ఒక్కొక్కటే వేలితో తీసి పచ్చడి సీసాలోకి మార్చారు. ఎన్నో బర్రెలకు పురుడు పోసిన చేతులవి.

చాలా గుడ్లకు బూజు పట్టింది. మూడు పిల్లలు బతికాయి.

ఒకరోజు ఆ సీసా ముందు కూర్చుని, ఆఖరి బర్రెను కొన్నవాళ్లు తోలుకుపోయిన సంగతి చెప్పారు. అది గల్లీ మలుపులో ఆగి వెనక్కి చూసిందట.

"పేరు పెట్టి పిలిస్తే మళ్లొస్తుండె. అందుకే పిలవలే," అన్నారు.

దాని పేరేమిటని అడిగాను. చెప్పారు. తర్వాత మిగతా బర్రెల పేర్లు, ఒక్కొక్కదాని గుణం, వంటకు ఆలస్యమయ్యేదాకా చెబుతూనే ఉన్నారు.