కొత్తిమీర కుండీలో మాత్రలు

మా అన్నకి రక్త కాన్సర్ వచ్చినప్పుడు ఇంట్లో వాడి ఎముక మజ్జతో సరిపోయింది నా మజ్జ ఒక్కటే. కాటన్‌పేటలో మా వీధి వీధంతా నవ్వుకుంది. పుట్టినప్పటినుంచీ మేమిద్దరం ఉప్పూ నిప్పూ. వాడు నా జడ కత్తిరిస్తే నేను వాడి చెయ్యి పళ్ళు దిగేలా కొరికినదాన్ని. అమ్మ మాత్రం ఆ రోజు నా తల నిమిరింది. ఇరవై ఏళ్ళలో అంతకుముందు ఎప్పుడైనా నిమిరిందేమో, నాకైతే గుర్తులేదు.

మజ్జ ఎక్కించారు. వాడి ఒంట్లో అది నిలబడింది. ఇంటికి పంపుతూ డాక్టరు ఒక మాత్ర గురించి పదేపదే చెప్పాడు. ఆయన ఉత్తరాది మనిషి, తెలుగే కాదు, మా ఊరి కన్నడం కూడా రాదు. ఆయన ఇంగ్లీషును అమ్మకి తెలుగులో చెప్పడం నా పని.

"నా తెల్లకణాలకి అన్న ఒళ్ళు పరాయిదంట. అవి వాని మీద పడకుండా ఈ మాత్ర అణచిపెడతాదంట. రెండు పూటలా తప్పకూడదు."

అమ్మకి ఆ మాట రుచించలేదు. "చెల్లెలి రక్తం అన్నకు పరాయిదెట్లయితాది? వాన్ని బాగు చేసిందే అది. దాన్ని అణిచేదానికి మళ్ళా మాత్రా?"

ఆ మాత్ర కంపు కొట్టేది, మింగగానే అన్న కక్కేవాడు. అమ్మకి అదో సాకు దొరికింది. ఒక పొద్దున వంటింటి కిటికీలో ఉన్న కొత్తిమీర కుండీలో ఆమె మాత్రల్ని వేలితో పూడ్చడం చూశాను. నన్ను చూసి నవ్వింది.

"నీ రక్తం మంచిది మే. దాని పని అది చేసుకోనీ."

సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషపడ్డాను. ఆ ఇంట్లో నాదంటూ ఒకటి మంచిదనిపించుకోవడం అదే మొదలు.

కొన్నాళ్ళకి అన్న అరచేతులు ఎర్రబడ్డాయి. తర్వాత కడుపునొప్పి, ఆకుపచ్చని నీళ్ళ విరేచనాలు. మళ్ళీ ఆస్పత్రి. అక్కడ నర్సులు ఆ విరేచనాల్ని లీటర్లలో కొలిచేవాళ్ళు. చివరికి పేగు లోపలి పొర ఊడి, రక్తంతో కలిసి పడింది. గొట్టం వేసి చూసిన డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. నా కణాలు వాడి పేగును శత్రువనుకున్నాయట, తోటి కణాల్ని పిలుచుకొచ్చి వాపు పుట్టిస్తున్నాయట. మాత్రలు సరిగ్గా వేశారా అని అడిగాడు.

ఆ ప్రశ్నను అమ్మకి తెలుగులో చెప్పాను. ఆమె నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"టయానికి ఇచ్చినామని చెప్పు."

చెప్పాను.

ఆ వాపు తగ్గడానికి ఇచ్చిన స్టెరాయిడ్లు పనిచేయలేదు. నొప్పికి మెలికలు తిరుగుతూ అన్న ఒకసారి నన్నడిగాడు, "నీ కసి ఇంగా తీరలేదా మే?" అని. ఎగతాళికన్నాడో నిజంగానే అన్నాడో తెలియదు. మూడో వారంలో పోయాడు.

కర్మలకి వచ్చినవాళ్ళందరికీ అమ్మ నన్ను చూపించి చెప్పింది, "దీని రక్తమే వాన్ని తినేసిందప్పా" అని. ఇప్పటికీ చెబుతూనే ఉంది. విన్నప్పుడల్లా కొత్తిమీర కుండీ సంగతి నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను. ఆమె పూడుస్తుంటే చూసింది నేనే. చూసి మురిసిందీ నేనే.